తీగకి గుచ్చని జవాబు

మొన్న మధ్యాహ్నం మా చెల్లెలి మనవరాలు తన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ముక్కులో గొట్టాలతో ఒక పసిబిడ్డ ఫోటో. కింద ఒక ఆసుపత్రి పేరు, డబ్బు పంపమని ఒక నంబరు.

"అమ్మమ్మా, నానూ ఏదో పంపుదునా? పాపం, సూడు ఎలాగున్నాదో."

"పంపు. ఆ నంబరుకి మాత్రం పంపకు."

"మరెక్కడికి పంపను?"

"ఆసుపత్రి నంబరు నువ్వే వేరే సోట ఎతుక్కో. ఆళ్లకి ఫోన్ సేసి, ఈ బిడ్డ మీ దగ్గరున్నాదా, ఈ నంబరు మీదేనా అనడుగు. ఆళ్లు సెప్పిన దార్లో పంపు. రసీదు అడుగు."

గొణుక్కుంటూనే చేసింది. బిడ్డ నిజమే, మా దగ్గరే ఉంది అన్నారట. నంబరు మాత్రం మాది కాదు, ఎవరో మా పేరు వాడుకుంటున్నారు అన్నారట. ఆసుపత్రి వాళ్ల సొంత సైటు చూసుకుని దాంట్లో పంపింది. అన్నం గిన్నె కడిగి వచ్చేలోపల రసీదు కూడా వచ్చేసింది.

"నువ్వు ఫోన్ సరిగ్గా నొక్కనేవు. ఇదంతా నీకెవులు నేర్పేరే?" అంది.

లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తీసి, అడుగున చీర మడతలో ఉన్న కార్డు తీసుకుని మంచం మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లు దాటింది ఆ కార్డు నా దగ్గర చేరి. ఎవరికీ చూపించలేదు.

నేర్పిన మనిషి పేరు రాయను. ఆయనకి ఊళ్లో ఉన్న పేరు చెడింది నా మూలంగానే. చెడిన పేరు మళ్లీ అచ్చులో ఎందుకు.

చోడవరం పోస్టాఫీసు మెట్ల మీద, ఎడమ పక్క, గోనెపట్టా వేసుకుని కూర్చునేవాడు. మోకాళ్ల మీద ఒక చెక్క. మనియార్డరు ఫారాలు నింపడం, ఉత్తరాలు రాయడం ఆయన పని. పెన్ను క్యాపుని దారంతో చొక్కా బొత్తానికి కట్టుకునేవాడు. స్టాంపుని నాలికతో తడిపితే ఒప్పుకునేవాడు కాదు. కొబ్బరి చిప్పలో తడిగుడ్డ పెట్టుకునేవాడు. "గవర్నమెంటు బొమ్మని నాకుతారేటర్రా," అని కసిరేవాడు. ఫారం చేతికిస్తే మిగతావాళ్లందరూ ముందు ఎంత అని అడుగుతారు. ఈయన ఎవరికి అని అడిగేవాడు.

ఆ మెట్లకి ఎదురుగా నేను గుగ్గిళ్ల తట్ట పెట్టుకునేదాన్ని. రోజూ నాలుగ్గంటలకి నా దగ్గర ఒక పొట్లం కొనేవాడు. ముందు పళ్లు లేవు. ఒక్కో శెనగా నోట్లో వేసుకుని, పప్పు మింగేసి, తొక్క తీసి మెట్టు మీద వరసగా పెట్టేవాడు. పొట్లం అయ్యేసరికి మెట్టు మీద తొక్కలు పోస్టాఫీసు క్యూలా ఉండేవి. ఇప్పటికీ నేను శెనగలు తినేటప్పుడు తొక్క ఉమ్మలేను. మింగేస్తాను.

ఆసుపత్రికి విరాళం పంపాలని ఎవరైనా వస్తే మాత్రం వెంటనే ఫారం రాసేవాడు కాదు. రెండు కార్డులు అతికించి ఉండే జవాబు కార్డు ఉండేది అప్పట్లో. ఒకటి మనం రాసేది, రెండోది వాళ్లు జవాబు రాసి పంపేది. ముందు అది కొనిపించేవాడు. "అయ్యా, మీ పేరున చందాలు అడుగుతున్నారు, వాళ్లు మీ వాళ్లేనా" అని రాసేవాడు. చందాలవాళ్లిచ్చిన రసీదు మీద అచ్చేసిన చిరునామాకి రాయడు. ఆ ఆసుపత్రిలో మందు తిన్నవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కుని, వాళ్ల చీటీ తెప్పించి, దాని మీదున్న చిరునామాకి రాస్తాడు. లేదంటే పోస్టుమాస్టరు బల్ల మీద టెలిఫోను పుస్తకం తిరగేస్తాడు.

"దొంగ రసీదు మీద దొంగ అడ్రసే ఉంటాది గదా. దానికి రాస్తే దొంగోడే, అవును బాబూ మేం మంచోళ్లమే, అని రాస్తాడు," అనేవాడు.

జవాబు వచ్చాకే డబ్బు. వచ్చిన జవాబులన్నీ వంచిన సైకిలు చువ్వకి గుచ్చి పక్కన పెట్టుకునేవాడు. తాతా, పలానా ఆసుపత్రి మంచిదేనా అని అడిగితే ఆ తీగ ఎత్తి, కార్డులు ఒక్కొక్కటే తిప్పి, అందులో ఉంటే ఉంది అనేవాడు. లేకపోతే, "కార్డు కొను," అనేవాడు.

చెరుకు డబ్బు చేతికొచ్చే రోజుల్లో బుచ్చయ్యపేట రైతు ఒకడు విసుక్కున్నాడు. "పున్నేనికి కూడా జవాబేటి తాతా? ఇచ్చేసి సేతులు దులుపుకోవాల గానీ."

"పున్నెం నీకెల్తాదో, ఆడి సారా కొట్టుకెల్తాదో తెలుసుకోవద్దేటి?"

"తెలుసుకునేలోగా నా పెళ్లాం ఆ డబ్బు లాగేసుకుంటాది."

"అయితే అదీ పున్నేనికే ఎల్లినట్టు. కార్డు కొను."

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది కూడా అలాంటి పని మీదే. మా ఆయన ఊపిరితిత్తులు పాడై ఒక ధర్మాసుపత్రిలో పోయాడు. ఆఖరి రోజుల్లో నా వాళ్లూ ఆయన వాళ్లూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారు. అక్కడి నర్సమ్మ ఒకావిడ తన చేత్తో ఆయన మూతి తుడిచేది. ఆ ఆసుపత్రికి ఏడాదికోసారి ఎంతో కొంత పంపాలని నా కోరిక. నేను స్వయంగా చూసొచ్చిన ఆసుపత్రి అది. అయినా నా చేత కార్డు కొనిపించాడు. తిట్టుకున్నాను. జవాబు వచ్చింది. మీ ఆయన మాకు గుర్తున్నారు అని రాసింది ఆ నర్సమ్మ. కార్డు రాసిన ఆయనే నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. మూడోసారి అడగడానికి సిగ్గేసింది. మూడోసారి నేనే చదువుకోవాలని సాయంత్రం బడిలో చేరాను. నలభై దాటాక పలక పట్టాను. ఏ అక్షరం రాకపోయినా మర్నాడు మెట్ల దగ్గర ఆయన్ని అడిగేదాన్ని. తొక్కలు పేర్చి చూపించేవాడు.

"ఒసే గుంటా, ఇది ళ. దీనికి పొట్ట రెండేపులా ఉంటాది, పోస్టుమాస్టరులాగ."

కూడబలుక్కోకుండా చదవడం వచ్చి ఆరు నెలలైంది. అప్పుడొచ్చింది ఆ జీపు.

సంత రోజు. జీపు మీద మైకు, ముందు గుడ్డ బ్యానరు. తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు, నర్సు బట్టల్లో ఒక ఆడమనిషి. దూరాన ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి పేరు చెప్పారు. గుండె జబ్బు పిల్లలకి ఉచితంగా ఆపరేషన్లు, దాతలు ముందుకు రావాలి అన్నారు. జనంలో చీడికాడ పక్క పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి ఉంది. ఆమె చంకలో నాలుగేళ్ల ఆడపిల్ల. పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. తెల్లకోటువాడు ఆ పిల్లని ఎత్తుకుని జీపు ఎక్కించి అందరికీ చూపించాడు.

"మీ ఊరి బిడ్డకే మొదటి మంచం. చదువుకున్నవాళ్లు ఎవరైనా వచ్చి ఈ కాగితం చదవండి. మేం చెప్పడం కాదు, మీవాళ్లే చదవాలి," అన్నాడు.

సంతలో ఎవరో, "మన గుగ్గిళ్ల అప్ప సదువుతాదిలే," అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. తట్ట దింపి వెళ్లాను.

మైకులో చదివాను. ఒక్క ముక్క తడబడలేదు. నా గొంతు హారన్లోంచి బయటికొచ్చి కూరగాయల వరస దాటి, బెల్లం బళ్లు దాటి వెళ్లిపోతూంటే నాకే వినపడింది. నా బతుకులో నా మాట అంత దూరం ఎప్పుడూ పోలేదు. నవ్వినవాళ్లు నోరు మూసుకున్నారు. తర్వాత జేబుల్లో చేతులు పెట్టారు. నేను నా చెవి కమ్మలు తీసి ఇచ్చాను. నా వెనక ఆడవాళ్లు వచ్చారు. ఆ తల్లి రెండు మేకలు అమ్మిన డబ్బు కొంగున కట్టుకుని వచ్చిందట. బిడ్డ పేరు నమోదుకి అంటే అదంతా ఇచ్చేసింది.

"పున్నమికల్లా ఉత్తరం వస్తుంది. అది పట్టుకుని రండి. ఈలోగా ఇంకెక్కడా చూపించకండి, మందులు కలిస్తే ప్రమాదం," అని ఆమెకి చెప్పి జీపు వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి ఆయన మెట్ల మీదే ఉన్నాడు.

"బాగా సదివేవు."

"నిజమేటి బాబూ?"

"నిజమే. అచ్చరాలు సరిగ్గానే ఉన్నాయి. ఆటిని అచ్చేసినోడెవడో కనుక్కోవాల." అప్పటికే చెక్క మీద కార్డు ఉంది. చిరునామా సగం రాశాడు.

నాకు ఒళ్లు మండింది. పిసినారి ముసలాడు, ఒక్క పైసా ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లని అనుమానిస్తున్నాడు అనుకున్నాను. సంతలో అందరూ అదే అన్నారు. ఆ రోజు నాలుగ్గంటలకి ఆయనకి పొట్లం కట్టి ఇవ్వలేదు. అయిపోనాయి అన్నాను. తట్టలో ఉన్నాయి.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఆయన అది చదివి తీగకి గుచ్చలేదు. మెట్లు దిగి రోడ్డు దాటి నా దగ్గరికొచ్చి చేతిలో పెట్టాడు. ఆయాసపడుతున్నాడు. ఆయనకి ఉబ్బసం.

"సదువుకో."

చదివాను.

"వచ్చే సంతకి ఇది సదువు. అదే సోట. ముందు ఆ గుంట తల్లికి సెప్పు, ఇంకాగొద్దు, పట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లమను."

"నువ్వే సెప్పు బాబూ. నువ్వు సెప్తే ఇంటారు."

"అది నువ్వు సదివేవు. ఇదీ నువ్వే సదవాల." మర్నాడు ఉబ్బసం ఎక్కువై బుచ్చయ్యపేటలో కూతురింటికి వెళ్లిపోయాడు.

ఆ కార్డు తట్టలో ఆకుల కింద పెట్టుకుని సంతకి వెళ్లాను. లేచి నిలబడ్డాను కూడా. టీకొట్టువాడు చూసి, "ఏటప్పా, మైకు తెప్పించమంటావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు అది. ముద్దుగా నవ్వారు. ఆ వారమంతా నన్ను చూస్తే జనం దారిచ్చేవారు. కరెంటు బిల్లులు తెచ్చి చదివించుకునేవారు. కూర్చుండిపోయాను.

రెండో సంతకి ఆ తల్లే నా దగ్గరికి వచ్చింది. పిల్లని తట్ట పక్కన దింపింది. పిల్ల శెనగలకి చెయ్యి చాపింది. గోళ్లు కూడా నీలమే.

"ఉత్తరమింకా రానేదప్పా. పున్నానికి వస్తాదన్నారు. నువ్వు సదివేవు గాబట్టి దయిర్యంగా ఉన్నాను. మా ఆయన, పట్నం తీసుకెల్దామే అంటన్నాడు. నానే ఒద్దన్నాను."

కార్డు నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఆకులు తడిగా ఉన్నాయి, వేళ్లకి తగులుతున్నాయి. పిల్లకి గుప్పెడు శెనగలిచ్చాను. "వస్తాదిలేమ్మా," అన్నాను.

ఈ మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. వస్తాదిలే అన్నాను.

మూడో వారం ఆయన తిరిగొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. గోనెపట్టా పరుచుకుంటూ, "సదివేవా?" అన్నాడు.

"సదివేను," అన్నాను.

తల ఊపాడు. నమ్మాడు. పరాయి ఊళ్లో ఉన్న పెద్దాసుపత్రి మాట నమ్మడానికి కార్డు కావాలి ఆయనకి. నా మాటకి కార్డు అడగలేదు.

రెండు రోజుల తర్వాత ఆ తల్లి పోస్టాఫీసుకే వచ్చింది. పిల్ల భుజం మీద వాలిపోయి ఉంది. "బాబూ, మా పేరున ఉత్తరమేదైనా వచ్చిందేటి? పున్నం ఎల్లిపోనాది," అని ఆయన్నే అడిగింది.

"ఏ ఉత్తరమమ్మా?"

"జీపోళ్లది. మంచం ఇస్తామన్నారు గదా."

ఆయన రోడ్డుకి ఇవతల ఉన్న నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. ఏదో వెతుక్కుంటున్నట్టు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఆయన గొంతు నాకు స్పష్టంగా వినపడింది.

"జవాబొచ్చి చాన్నాళ్లయిందమ్మా. ఆళ్లు దొంగలు. నీకు సెప్పకపోడం నా తప్పు. లే, బస్సుకి టైమయింది."

ఆ మాట అక్కడున్న పదిమందీ విన్నారు. ఆమె ఏడ్చింది, తిట్టింది, ఆయన చొక్కా పట్టుకుంది. పెన్ను క్యాపు దారం తెగి మెట్ల మీద పడింది. ఆయన ఆమెని బస్సెక్కించి తనూ ఎక్కాడు. పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలో ఆ తల్లితోనే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె చంకలో పిల్ల లేదు. ముందే తేవలసింది అన్నాడట ఒక డాక్టరు. ముందు తెచ్చినా చెప్పలేం అన్నాడట ఇంకొక డాక్టరు. రెండో డాక్టరు మాట పట్టుకుని బతకొచ్చు. నేను బతకలేకపోయాను. నాకు మొదటి డాక్టరు మాటే వినపడుతుంది.

ఆ తర్వాత ఆయన దగ్గర కార్డులు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. జవాబు దాచుకున్నాడన్న మాట వడ్డాది దాకా పాకింది. టీకొట్టువాడు అటుగా పోతూ, "తాతా, నాకూ ఒక కార్డు రాయి. జవాబొస్తే నెల్లాళ్లు ఆగి సెప్దువు గానీ," అనేవాడు. ఆయన నవ్వేసేవాడు. నాలుగ్గంటలకి మాత్రం ఎప్పటిలాగే రోడ్డు దాటి వచ్చి, నా దగ్గర పొట్లం కొని, మెట్టు మీద తొక్కలు పేర్చేవాడు. దారం తెగిన క్యాపుని మళ్లీ కట్టుకోలేదు. జేబులో వేసుకునేవాడు.

ఒక్కసారే అడిగాను. వాన పడుతోంది, మెట్ల మీద ఇంకెవరూ లేరు.

"ఎందుకలా సెప్పేవు బాబూ?"

నోట్లోంచి తొక్క తీసి వరసలో పెట్టాడు.

"నాకు డెబ్బయి దాటింది. నీకు సదువొచ్చి ఆరు నెల్లయింది. ఈ ఊళ్లో ఆడది సదివితే ఇనడం ఇప్పుడే మొదలెట్టేరు," అన్నాడు. తర్వాత, "ఆ కార్డుందా?" అన్నాడు.

"ఉంది."

"పారీకు. ఉంచు."

అంతే. క్షమించాను అనలేదు. నేను అడగలేదు కూడా. మళ్లీ ఆ మాట మా మధ్య రాలేదు.

పై ఏడు వానల్లో పోయాడు. ఆయన అల్లుడు వచ్చి ఆ చెక్కా, సైకిలు చువ్వా నా చేతిలో పెట్టాడు. "నీకిమ్మన్నాడప్పా," అన్నాడు. చువ్వ నిండా జవాబులు, కొస దగ్గర మాత్రం ఒక కార్డు పట్టేటంత జాగా.

గుగ్గిళ్ల తట్ట మానేసి ఆ మెట్టు మీద నేను కూర్చున్నాను. మనియార్డర్లు ఉన్నన్నాళ్లూ కూర్చున్నాను. అప్ప రాస్తే తప్పు పోదు అన్నారు. అప్ప సెప్తే నమ్మొచ్చు అన్నారు. ఆ పేరు మీదే తిన్నాను. అది ఎవరి పేరో నాకు తెలుసు.

ఆ తల్లి కూడా వచ్చేది. ఏటా పిల్ల పోయిన నెలలో, పిల్ల పేరున, పిల్లల ఆసుపత్రికి ఏదో కాస్త పంపేది. ఫారం ముట్టుకునే ముందు అడిగేది.

"కార్డు రాసి కనుక్కున్నావా అప్పా?"

"కనుక్కున్నానమ్మా. జవాబొచ్చింది. ఇదిగో."

"నువ్వయితే దాయవులే. ఆ ముసిలోడిలాగ," అనేది.

ఎన్ని ఏళ్లు అందో. అన్నేళ్లూ తల వంచుకుని ఫారం రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు.

మొన్న మా మనవరాలు గుంట ఫోన్లో జవాబు నిమిషంలో వచ్చింది. వచ్చిన జవాబుని అది వెంటనే నాకు పైకి చదివి వినిపించింది. దానికి అందులో కష్టమేమీ కనపడలేదు.

నా దగ్గరున్న కార్డు మీద ఇలా ఉంది.

"మీరు రాసిన మనుషులు మావాళ్లు కారు. మా ఆసుపత్రి తరఫున ఊళ్లలో తిరిగి ఎవరూ చందాలు వసూలు చెయ్యరు. ఇవ్వదలచినవారు నేరుగా ఆసుపత్రి పేరున పంపవలెను. మీరు చెప్పిన పాపను ఆలస్యం చేయక వెంటనే దగ్గరలోని పెద్ద ఆసుపత్రిలో చూపించవలెను."

ఆ తల్లి ఇంకా ఉంది. చీడికాడ పక్క అదే పల్లెలో, చిన్న కొడుకు దగ్గర. ఆమెకి చదువు రాదు. నేనిదంతా రాసి అచ్చు వేయించినా ఆమెకి చేరదు. రేపు పొద్దున్న బస్సుకి నన్ను తీసుకెళ్లమని మా గుంటకి చెప్పాను. ఎందుకే అంది. ఒక కార్డు చదవాలి అన్నాను.